మందుల చీటీ అడిగే పళ్ల డాక్టరు: మా ఇంటిల్లిపాది అనుభవం

నల్గొండలో మా ఇంట్లో అందరం చాలా ఏళ్లుగా ఒకే పళ్ల డాక్టరమ్మ దగ్గర చూపించుకుంటున్నాం. ఆవిడ జనరల్ డెంటిస్టు. ఆవిడ వైద్యం చేసే పద్ధతి నాకు బాగా నచ్చింది, అందుకే ఇది రాస్తున్నా.

నొప్పి లేకుండా మొదటిసారి వెళ్తే ఆ రోజు చికిత్స ఏదీ మొదలుపెట్టరు. షుగర్, బీపీ ఉన్నాయా, గుండెకు స్టెంట్ వేశారా, ఎముకల బలానికి మందులు వాడుతున్నారా, గుట్కా అలవాటుందా అని అన్నీ అడుగుతారు. వాడే బిళ్లల స్ట్రిప్పులు తెచ్చి చూపించమంటారు. నాలుక కింద, బుగ్గల లోపల చూసి, నోరు ఎంతవరకు తెరుచుకుంటుందో కూడా చూశాకే పళ్ల జోలికి వస్తారు.

చిగుళ్ల పరీక్ష అంత ఓపిగ్గా చేయడం నేను మరెక్కడా చూడలేదు. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి పరికరాన్ని పన్నుకీ చిగురుకీ మధ్య మెల్లగా దించి, ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల కొలుస్తారు. "రెండు, మూడు, మూడు, ఐదు" అని ఆవిడ చెబుతుంటే అసిస్టెంటు అమ్మాయి రాసుకుంటుంది. మూడు వరకు ఫర్వాలేదు, అది దాటితే చిగురు పన్నును వదులుతోందేమో చూసుకోవాలి. నాకు వెనక దవడ పళ్ల దగ్గర ఐదులు, ఒకచోట ఆరు వచ్చాయి. నొప్పి లేదు, బ్రష్ చేసేటప్పుడు రక్తం కనబడేది అంతే. మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష రిపోర్టు కూడా తెమ్మన్నారు. షుగర్ అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్లు వాచి ఉంటే షుగర్ త్వరగా దారికి రాదు.

మత్తు ఇచ్చి, చిగురు కింద చేరిన గార కూడా తీసే డీప్ క్లీనింగ్ చేశారు. తర్వాత కొన్నాళ్లు చల్లనీళ్లకు పళ్లు జివ్వుమన్నాయి, మధ్యలో సందులు కనబడ్డాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మావైపు చాలామంది భయపడేది ఇందుకే. నిజానికి గార పోయి వాపు తగ్గేసరికి, అంతదాకా గార కప్పేసిన ఖాళీ బయటపడుతుంది. కొన్ని నెలలకు మళ్లీ కొలిస్తే ఐదులు చాలావరకు మూడుకు దిగాయి, ఆరు ఉన్నచోట మాత్రం నాలుగు దగ్గరే ఆగింది. పాత అంకెలు, కొత్త అంకెలు పక్కపక్కన పెట్టి చూపించారు.

అమ్మకు చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పెరిగాయి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి అలా అవుతుందట. "అమ్మా, బిళ్ల మీ అంతట మీరు ఆపొద్దు, మీ డాక్టరుగారికి ఉత్తరం రాసిస్తా" అన్నారు. ఆయన మందు మార్చారు, ఇక్కడ క్లీనింగ్ అయింది, నెమ్మదిగా వాపు దిగింది.

నాన్నగారికి స్టెంట్ ఉంది. పన్ను తీయించుకోవడానికి అంతకుముందు వేరే చోటికి వెళ్తే, గుండె డాక్టరును అడగకుండానే రక్తం పలచన చేసే బిళ్లలు ఐదు రోజులు ఆపి రమ్మన్నారు. స్టెంట్‌లో రక్తం గడ్డకడితే ప్రాణానికే ముప్పు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఈవిడ గుండె డాక్టరుతో మాట్లాడి, బిళ్లలు ఆపకుండానే ఉదయంపూట ఆ ఒక్క పన్ను తీసి, కుట్లు వేసి, రక్తం ఆగిందని చూసుకున్నాకే ఇంటికి పంపారు. నాన్నగారి ముందుపళ్ల మీది గోధుమరంగు మరకలు చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్లవని, పుచ్చు కాదని చెప్పి వాటిని ముట్టుకోలేదు. మా పాపకు పళ్లు పుచ్చకుండా ఫ్లోరైడ్ వార్నిష్ పూసేముందు కూడా ఇంట్లో ఏ నీళ్లు తాగుతారని అడిగారు. మా జిల్లాలో పిల్లల పళ్లు చూసే ప్రతి డాక్టరూ ఈ ప్రశ్న వేయాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. అపాయింట్‌మెంట్ ఉన్నా చాలాసేపు కూర్చోవాలి. కష్టమైన రూట్ కెనాల్ అయితే స్పెషలిస్టు వచ్చే రోజుదాకా ఆగాలి. చిగుళ్ల కొలతల కాగితం, ఎక్స్‌రేలు మనం అడిగితేనే చేతికిస్తారు. ఊరు మారేవాళ్లు మాత్రం తప్పకుండా అడిగి తీసుకోండి, కొత్త డాక్టరుకు పాత అంకెలు కావాలి.