బాయిలర్ మార్చమన్నారు, ఈయన మార్చకుండానే సరిచేశారు: వూస్టర్‌లో స్టీమ్ హీటింగ్ సర్వీస్

5/5

మసాచుసెట్స్‌లో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. మాది 1920ల నాటి ఇల్లు. బేస్‌మెంట్‌లో గ్యాస్ బాయిలర్, గదికో పోత ఇనుప రేడియేటర్. వాటిలోకి వేడినీళ్ళు కాదు, ఆవిరే వస్తుంది. గది వేడిని బట్టి బాయిలర్‌ని వెలిగించి ఆపే గోడ మీది థర్మోస్టాట్‌ని 68 ఫారన్‌హీట్‌లో, అంటే 20 సెల్సియస్‌లో పెడితే ఇల్లు 74 దాకా పోయేది. జనవరిలో కిటికీలు తెరుచుకుని పడుకునేవాళ్ళం. విజయవాడ నుంచి వచ్చిన మా అత్తగారు "బయట మంచు, లోపల రోహిణీ కార్తె, ఇదేం ఇల్లమ్మా" అనేవారు.

అంతకుముందు పిలిపించిన కంపెనీవాళ్ళు థర్మోస్టాట్ వైపు కూడా చూడకుండా బాయిలరే మార్చాలని వేలల్లో కొటేషన్ ఇచ్చి వెళ్ళారు. ఆ టెన్షన్‌లో ఉండగా పక్కింటివాళ్ళు ఈ మెకానిక్ గురించి చెప్పారు.

ఆయన రాగానే అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "ఇల్లు వేడెక్కినప్పుడు థర్మోస్టాట్ మీద అంకె కూడా పెరుగుతోందా, లేక అది 68 దగ్గరే ఉంటోందా?" అంకె పెరగకుండా గది వేడెక్కితే థర్మోస్టాటే తప్పు చదువుతున్నట్టు. అంకె కూడా పెరిగితే బాయిలర్ ఆగాక కూడా వేడి వస్తూనే ఉన్నట్టు. తన థర్మామీటర్ పక్కనే పెట్టి చూస్తే, అంకె పెరుగుతోంది గానీ గది వేడెక్కినంత కాదు, అంటే మా ఇంట్లో రెండు లోపాలూ ఉన్నాయని తేలింది.

థర్మోస్టాట్‌ని గోడ మీంచి ఊడదీసి, వైర్లు వచ్చే కన్నం దగ్గర నన్ను చెయ్యి పెట్టమన్నారు. సన్నగా చల్లగాలి తగిలింది! గోడ లోపలి చలి నేరుగా సెన్సర్‌కి కొడుతుంటే, గది ఎంత వేడెక్కినా దానికి చలిగానే ఉంటుంది కదా. ఆ కన్నాన్ని పుట్టీతో మూసేశారు.

తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్ళారు. గంటకి ఎన్నిసార్లు బాయిలర్ వెలగవచ్చో చెప్పే అంకె ఒకటుంటుంది. మాది 5 మీద ఉంది. అది వేడిగాలి ఊదే మామూలు ఫర్నేస్‌కి సరిపోయే అంకె. ఆవిరికి 1 ఉండాలి. పోత ఇనుము నెమ్మదిగా వేడెక్కి, మంట ఆగాక కూడా చాలాసేపు వేడిని వదులుతూనే ఉంటుంది. ముందు పంపిన వేడి గదంతా పరుచుకోకముందే మళ్ళీ మంట వెలిగితే ఇల్లు ఉడికిపోక ఏమవుతుంది?

అసలు పని మాత్రం బేస్‌మెంట్‌లో జరిగింది. గొట్టాల్లోని గాలి బయటికి పోతేనే ఆవిరి ముందుకు వెళ్తుంది. ఆ గాలిని వదిలే మెయిన్ వెంట్ తుప్పుపట్టి మూసుకుపోయింది. అందుకే థర్మోస్టాట్ ఉన్న హాల్‌కి ఆవిరి అన్నిటికన్నా ఆఖర్న వచ్చేది. ఈలోపు బెడ్‌రూములు ఉడికిపోయేవి. కొత్త వెంట్ బిగించి, బాయిలర్ ప్రెషర్ కూడా తగ్గించారు. ఇంటికి చదరపు అంగుళానికి 2 పౌండ్లలోపే చాలట. ఇదివరకు రేడియేటర్ల దగ్గర బుసలు వినిపించేవి, ఇప్పుడు అవీ తగ్గాయి.

ఇప్పుడు 68 పెడితే 69 దాటడం లేదు. అత్తగారు శాలువా అడుగుతున్నారు. పైన వెనక గది మాత్రం ఇంకా కొంచెం వేడే. దానికి రేడియేటర్ వెంట్ దగ్గర బిగించే చిన్న వాల్వ్ ఉంటుందని, తొందరేం లేదని, ఈ చలికాలం చూశాక చెప్పమని అన్నారు. అమ్మగలిగిన వస్తువుని కూడా ఇప్పుడే వద్దన్న మనిషిని నేను తప్పకుండా మళ్ళీ పిలుస్తాను.

రావడానికి ఇచ్చిన టైమ్ మాత్రం ఉదయం 8 నుంచి 12 మధ్య ఎప్పుడైనా. ఆఫీసుకి సెలవు పెట్టుకోవాల్సిందే. ఫోన్ చేసినప్పుడు మీది వన్ పైప్ స్టీమ్ (ఆవిరి వెళ్ళడానికీ, నీళ్ళయి తిరిగి రావడానికీ రేడియేటర్‌కి ఒకే గొట్టం) అయితే ఆ సంగతి ముందే చెప్పండి, అది తెలిసినాయన్నే పంపిస్తారు.