బండిలో కరెంటు పోయి వస్తుంటే: చవక మల్టీమీటర్‌ను ఏళ్లుగా వాడాక

ఈ మల్టీమీటర్‌లో (కరెంటు కొలిచే చేతి మీటర్) నాకు బాగా నచ్చింది దాని కూత. వైరుకు ఈ చివర మీటర్ మొన ఒకటి, ఆ చివర ఇంకో మొన ఆనించగానే ‘కుయ్’ మంటుంది చూడండి, అది వినడానికే పని లేకపోయినా ఏదో ఒక వైరు గెలికేవాణ్ని. పసుపు డబ్బా, మధ్యలో గుండ్రంగా తిప్పే బటన్, ఎలక్ట్రికల్ షాపులో మూడొందల లోపే దొరికే రకం. పైన ఏ పేరు అచ్చేసినా లోపల సరుకు ఇంచుమించు ఒకటే, కాబట్టి పేరుతో పనిలేదు. కడపలో ఉంటూ మూడు నాలుగేళ్లుగా వాడుతున్నా. మిక్సీ వైరు ఎక్కడ తెగిందో, బ్రేక్ లైటు స్విచ్చి పనిచేస్తోందో లేదో, ఫ్యూజ్ కంటికి బాగానే కనబడుతున్నా లోపల పోయిందో, అన్నీ ఆ కూతతోనే తేల్చుకున్నా. వైరింగ్ బొమ్మ దొరకని పాత బండ్లలో ఏ వైరు ఎక్కడికి పోతోందో పట్టుకోవడానికి దీన్ని మించింది లేదు.

ఇక అసలు సంగతి. నా బండి బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) రకం, పెట్రోలును కంప్యూటరు లెక్కగా చిమ్మించే ఇంజెక్షన్‌ది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఈ జబ్బు ఏ బండికైనా వస్తుంది. ఎండలు ముదిరాక ఒక కొత్త అలవాటు నేర్చుకుంది. పోతూ పోతూ ఉండగా బండి మీటర్, లైట్లు, హారన్, ఇంజన్ అన్నీ ఒక్కసారిగా చచ్చి, మనం గేరు దించేలోపే మళ్లీ బతుకుతాయి. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర అయితే వెనకోడు తిట్టిపోతాడు, అంతే. రాయచోటి నుంచి రాత్రిపూట వస్తూ గువ్వలచెరువు ఘాట్ మలుపులో అయితే? వెనక లారీ, ముందు చీకటి, చేతిలో హ్యాండిల్ తప్ప ఏమీ లేదు. ఆ రోజు అక్కడి పేరున్న కోవా కోసం కూడా ఆగలేదు.

మా నాన్న పాత బండికి ఈ టెన్షన్ లేదు. బ్యాటరీ పీకేసినా కిక్ కొడితే ఇంజన్ తిరిగేది, ఎందుకంటే దాని స్పార్కుకు కరెంటు నేరుగా ఇంజన్‌తో పాటు తిరిగే మాగ్నెటో నుంచే వచ్చేది. ఇంజెక్షన్ బండిలో పంపు, ఇంజెక్టరు, కంప్యూటరు అన్నీ బ్యాటరీ లైను మీదే బతకాలి. ఆ లైను ఒక్క క్షణం తెగినా ఇంజన్ ఆగుతుంది.

షాపులో చూపిస్తే బ్యాటరీ అన్నారు. మార్చారు. నాలుగు రోజులు బాగుంది, మళ్లీ మొదలు. ఈసారి వైరింగ్ కిట్ మొత్తం మార్చాలన్నారు, లెక్క వేల దగ్గర మొదలైంది. ఆ బ్యాటరీ మార్పు వల్ల ఒక లాభం మాత్రం జరిగింది. కొత్త బ్యాటరీ బిగించాక బండి మీటర్‌లో గడియారం సున్నాకు పోయింది, మళ్లీ టైం పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత బండి చచ్చి బతికినప్పుడు చూస్తే గడియారం సరిగ్గానే ఉంది! నా బండిలో గడియారానికి కరెంటు తాళంతో సంబంధం లేకుండా ఫ్యూజ్ దాటగానే నేరుగా వస్తుంది. బ్యాటరీ టెర్మినల్ గానీ, మెయిన్ ఫ్యూజ్ గానీ, ఎర్త్ గానీ వదులై ఉంటే గడియారం కూడా పోవాలి కదా. అది నిలబడిందంటే కరెంటు తాళం దాకా బాగానే వస్తోంది, తెగేది తాళం దగ్గరో దాని తర్వాతో. బండి మీటర్ వెలుగుతూ ఇంజన్ ఒక్కటే ఆగితే ఇంజన్ ఆపే కిల్ స్విచ్చినో సైడ్ స్టాండ్ స్విచ్చినో అనుమానించాలి. ఇక్కడ అన్నీ కలిసి పోతున్నాయి.

మల్టీమీటర్ తీశా. బండి ఆపి ఉంటే బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజన్ ఆన్ చేస్తే 14 పైన. చార్జింగ్ బాగానే ఉంది. హెడ్‌లైట్ వెనక తాళం వైర్ల కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ జాయింటు) ఉంది. బ్యాటరీ వైరు తీసేసి, తాళం తిప్పి ఉంచి, ఆ కప్లర్‌కు అటూ ఇటూ మొనలు పెట్టా. కుయ్. హ్యాండిల్ అటు తిప్పా, ఇటు తిప్పా. కుయ్ కుయ్. ఎక్కడ పెట్టినా కూతే. మీటర్ లెక్కన వైరింగ్ అంతా బంగారం.

మా వీధి చివర ఆటోలకు వైరింగ్ చేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. చెబితే నవ్వి, “ఊరికే కూసేదానికి ఏముంది నా, బరువు పెట్టి చూడు” అన్నాడు. అంటే లైటు లాంటి కరెంటు లాగేది వెలిగించి కొలవమని. ఆ ఒక్క మాటతో ఈ మీటర్ మీద నా అభిప్రాయం సగం మారింది. కూత కోసం మీటర్ పంపే కరెంటు ఇంతంటే ఇంతే. దారిలో కొన్ని పదుల ఓంల అడ్డు ఉన్నా ఇలాంటి మీటర్ కూస్తుంది. బండికి అది చాలదు. 35 వాట్ల హెడ్‌లైట్ ఒక్కటే దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఒక్క ఓం అడ్డుంటే 3 వోల్టులు అక్కడే ఆవిరి. పన్నెండు పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా కూతకు సరిపోతుంది, బండి బరువు మొత్తానికి చాలుతుందన్న నమ్మకం లేదు.

భాయ్ చెప్పిన పద్ధతి ఇది. బటన్ 20 వోల్టుల డీసీ మీద పెట్టాలి. ఎర్ర మొన బ్యాటరీ ప్లస్‌కు మొసలి క్లిప్పుతో పట్టించాలి. నల్ల మొనకు గుండుసూది కట్టి, కప్లర్ వెనక నుంచి తాళం దాటి వచ్చే వైరులోకి దూర్చాలి, కప్లర్ ఊడదీయకుండా. ఇంజన్ ఆన్ చేయాలి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హెడ్‌లైట్ ఆర్పే వీలు లేదు కాబట్టి బరువు దానంతటదే పడుతుంది. పైన బ్రేక్, ఇండికేటర్ కూడా. దారి బాగుంటే స్క్రీను మీద సున్నాకు దగ్గర అంకె ఉండాలి, ఎన్ని వోల్టులు కనబడితే అన్ని దారిలో పోతున్నట్టు.

హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు అర వోల్టు దగ్గర. కుడివైపు మెల్లగా తిప్పితే రెండు, మూడున్నర, అంతలో ఇంజన్ ఆగింది. ఇన్నాళ్లూ దొరకని దొంగ కళ్లముందే అంకెల్లో కనబడ్డాడు. ఆ తర్వాత ఎర్ర మొనను ఒక్కో జాగాకు జరుపుకుంటూ వచ్చా. ఫ్యూజ్ దగ్గర నష్టం లేదు, తాళం లోపల కొంచెం, కప్లర్ ఇటూ అటూ పెడితే మాత్రం మొత్తం అక్కడే. ఊడదీసి చూస్తే తెల్లటి ప్లాస్టిక్ ఒక మూల గోధుమ రంగుకు తిరిగి కరిగి ఉంది. లోపలి ఆడ పిన్ను వెడల్పై, మగ పిన్నును పట్టుకోకుండా ఊరికే ఆనుకొని ఉంది. వైర్ల కట్టుకు వేసిన ప్లాస్టిక్ టై బిర్రుగా ఉండటంతో హ్యాండిల్ కుడికి తిరిగినప్పుడల్లా దాన్ని లాగుతోంది. వదులైన పిన్ను కాలుతుంది, కాలితే ఇంకా వదులవుతుంది. మా ఊరి ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, ప్రెషర్ వాటర్ వాషింగ్ ఉండనే ఉంది. కొత్త పిన్నులు, కొత్త కప్లర్, టై వదులు చేయడం. ఖర్చు మీటర్ ధరకు మించలేదు. మళ్లీ కొలిస్తే కప్లర్ దగ్గర అంకె దాదాపు సున్నా. తాళం లోపలి ఆ కొంచెం నష్టం అలాగే ఉంది, కనిపెట్టుకుని ఉన్నా.

అయితే మీటర్‌ను నెత్తిన పెట్టుకోమని చెప్పను. దీని సొంత లీడ్లే (మొనల వైర్లు) కొన్నాళ్లకు పిడి దగ్గర లోపల తెగి, అప్పుడప్పుడు కరెంటు పోయే జబ్బు దీనికే పట్టింది. పని మొదలుపెట్టే ముందు రెండు మొనలూ తాకించి కూత వస్తోందో లేదో చూడాల్సిందే. లోపలి 9 వోల్టుల బ్యాటరీ దిగిపోతే అంకెలు ఎక్కువ చూపిస్తుంది, కొత్తగా కొన్న బ్యాటరీ 15 చూపిస్తే ముందు మీటర్‌నే అనుమానించండి. 10 ఆంపియర్ల రంధ్రానికి ఇలాంటి వాటిలో చాలావరకు ఫ్యూజ్ ఉండదు, ఎర్ర లీడు అందులో ఉండగా బ్యాటరీకి పెడితే వైరు కాలుతుంది. చేను దగ్గర బోరు స్టార్టరు డబ్బాలో, త్రీఫేజ్ మీద మాత్రం దీన్ని ముట్టించను, ఇలాంటి డబ్బా మీద రాసిన రక్షణ మాటలను నమ్మలేను.

కొనాలా అంటే, బండికి వారంటీ ఉండి సర్వీస్ సెంటర్ దగ్గర్లో ఉంటే కప్లర్లలో సూదులు గుచ్చే పని మీకెందుకు. నాకు సర్వీస్‌కు పోతే ఒక పూట సెలవు పోతుంది, పైగా గెలకడం ఇష్టం, వీధి చివర భాయ్ ఉన్నాడు. ఆయన అయితే మీటరే వాడడు, పాత ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికించి దాంతోనే సగం ఊరి ఆటోలు బాగు చేస్తాడు. అలాంటిది ఒకటి నేనూ చేసుకున్నా. లీడ్లు ఈసారి పోతే మాత్రం కొంచెం ఖరీదు మీటరే తీసుకుంటానేమో, కూత ఇంకా వెంటనే పలికేది.