దిల్‌సుఖ్‌నగర్‌లో టీచర్ ఉద్యోగాల కన్సల్టెన్సీ: వెయ్యి రూపాయలు కట్టాక ఏం జరిగింది

బీఎడ్ అయిపోయి మొదటి ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. కన్సల్టెన్సీ పేరు రాయడం లేదు. నా స్నేహితులు వెళ్లిన మరో రెండు కూడా ఇంచుమించు ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి.

మాది నల్గొండ దగ్గర పల్లె. నాది జీవశాస్త్రం. 11,062 పోస్టులతో 2024 డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల నియామక పరీక్ష) పడినప్పుడు నా బీఎడ్ ఇంకా పూర్తి కాలేదు. తర్వాతి నోటిఫికేషన్ దాకా ఇంట్లో కూర్చుని చదువుకునే పరిస్థితి మాకు లేదు. అందుకే మరుసటి ఏడాది ఏప్రిల్ నెలాఖరులో హైదరాబాద్ వచ్చి హాస్టల్లో చేరాను. మొదటి వారం నేనే పదకొండు స్కూళ్లు తిరిగాను. తొమ్మిది చోట్ల రెజ్యూమె వాచ్‌మన్ చేతిలో పెట్టి రావడమే అయింది. ఒక్క ఫోనూ రాలేదు.

కన్సల్టెన్సీ ఆఫీసు జిరాక్స్ షాపు పైన, రెండో అంతస్తులో ఉంది. రెండు ఫోన్లు, పొడుగు నోటుబుక్కు, ఒక మేడమ్. రిజిస్ట్రేషన్‌కు 1,000 రూపాయలు, ఉద్యోగం వస్తే మొదటి నెల జీతంలో సగం. "ఏ సబ్జెక్టు? ఇంగ్లిష్ మీడియంలో చెప్పగలవా అమ్మా? ఎంత దూరం వెళ్తావు?" అని మూడే అడిగారు. టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో 150కి 92 వచ్చాయని నేనే చెప్పాను. రాసుకోలేదు. డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉండే ఆ మార్కుల కోసం నేను ఎన్ని రాత్రులు మేలుకున్నానో గుర్తొచ్చి బాధేసింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మూడో రోజే ఫోన్ వచ్చింది. తొమ్మిది రోజుల్లో నాలుగు డెమోలు, అంటే స్కూల్లో పాఠం చెప్పి చూపించే అవకాశాలు, ఇప్పించారు. గేటు దాటి లోపలికి వెళ్లి ప్రిన్సిపాల్ ముందు కూర్చోవడం నా అంతట నావల్ల కాలేదు, వాళ్ల ఫోన్‌తో అయింది. కట్టిన వెయ్యికి అంతవరకు న్యాయం జరిగింది.

డెమోకు ఎలా తయారవ్వాలో మాత్రం ఒక్క మాట చెప్పరు. మొదటి స్కూల్లో ఖాళీ క్లాసురూములో, డైరెక్టర్ గారూ ప్రిన్సిపాల్ గారూ కూర్చుంటే, పదో తరగతి కిరణజన్య సంయోగక్రియ ఇంగ్లిష్‌లో చెప్పాలి. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. పత్రరంధ్రాలు అన్న మాట నాలుక మీద ఉంది, స్టొమాటా అన్నది రావడం లేదు. అయిదు నిమిషాలకే "చాలు మేడమ్" అన్నారు. ఆ రాత్రి నుంచి రూమ్మేట్లను కూర్చోబెట్టి అదే పాఠం రోజూ చెప్పాను.

మూడో డెమో నిజమైన పిల్లల ముందు, ఎనిమిదో తరగతిలో. హాస్టల్ గేటు పక్కనున్న మందార చెట్టు నుంచి గుప్పెడు ఆకులు కోసుకెళ్లి బెంచీకొకటి ఇచ్చాను. రంధ్రాలు పైవైపు కన్నా అడుగువైపే ఎందుకు ఎక్కువుంటాయని అడిగితే, వెనక బెంచీ అబ్బాయి "పైన ఎండ కదా మేడమ్, నీళ్లు తొందరగా ఆరిపోతాయి" అన్నాడు, తెలుగులోనే. ఆ జవాబునే బోర్డు మీద ఇంగ్లిష్‌లో రాసి పాఠం ముందుకు నడిపాను. పది నిమిషాల డెమోను ప్రిన్సిపాల్ గారు బెల్ కొట్టేదాకా సాగనిచ్చారు. ఉద్యోగం అక్కడే వచ్చింది, నెలకు 16,000.

ఇక నచ్చనివి. ఫోన్‌లో చెప్పే జీతం నమ్మకండి. నాలుగో స్కూలుకు 18,000 అని పంపారు, అక్కడ 14,000 అన్నారు. దానికన్నా పెద్ద విషయం సర్టిఫికెట్లు. రెండో స్కూలు వాళ్లు డిగ్రీ, బీఎడ్ ఒరిజినల్స్ ఏడాదంతా తమ దగ్గరే ఉంచుకుంటామన్నారు. కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే "అందరూ ఇస్తున్నారమ్మా" అని సర్దిచెప్పబోయారు. రేపు డీఎస్సీలో సెలెక్టయి వెరిఫికేషన్‌కు పిలిస్తే నేను ఎవరిని బతిమాలాలి? చూపించి జిరాక్స్ ఇస్తానన్నాను. వాళ్లు వద్దన్నారు, నేనూ వద్దనుకున్నాను. మీరు కూడా ఒరిజినల్స్ ఇవ్వకండి. జీతం పది నెలలకా పన్నెండు నెలలకా, ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పుతారా అన్నవి కూడా మీరే అడగాలి. కన్సల్టెన్సీ అడగదు.

జూన్ 12న స్కూళ్లు తెరిచిన రోజే సగం జీతం కట్టమన్నారు. జీతం చేతికొచ్చాకే ఇస్తానని గట్టిగా చెబితే, కాస్త విసుక్కున్నా ఒప్పుకున్నారు. జులైలో 8,000 కట్టి, అడిగి మరీ రసీదు రాయించుకున్నాను.

అయిదుకు మూడు ఇస్తాను. హైదరాబాద్‌లో తెలిసినవాళ్లు లేని సైన్స్, మ్యాథ్స్ వాళ్లు వెళ్లొచ్చు. తెలుగు, సోషల్ వాళ్లయితే డబ్బు కట్టే ముందు మీ సబ్జెక్టుకు ఇప్పుడు ఎన్ని ఖాళీలున్నాయో ఆ నోటుబుక్కు తెరిపించి చూడండి. నాతోపాటు అదే రోజు వెయ్యి కట్టిన సోషల్ అమ్మాయికి జూన్ నెలాఖరు దాకా రెండే రెండు ఫోన్లు వచ్చాయి.