కోనసీమలో ‘పెట్స్ వెల్‌కమ్’ కాటేజీకి కుక్కతో వెళ్తున్నారా? ముందు ఎలుకల మందు సంగతి అడగండి

సంక్రాంతికి కోనసీమ కాటేజీల బుకింగులు మొదలైపోయాయి, కుక్కని కూడా తీసుకెళ్ళొచ్చా అని అడుగుతున్నవాళ్ళు చాలామందే కనిపిస్తున్నారు, అందుకే ఇంకా ఆగకుండా రాసేస్తున్నా. దసరా సెలవుల్లో మేం రాజోలు దీవిలో ఒక కాటేజీలో దిగాం. కొబ్బరితోట మధ్యలో ఇల్లు, ఒక పక్క పంట కాలువ, వెనక వరిచేను. పేరు రాయను, ఓనరు అప్పుడే లీగల్ నోటీసు అని బెదిరిస్తున్నాడు. పేరు లేకపోయినా నష్టం లేదు, ఎందుకంటే ఇందులో సగం విషయాలు ఆ చుట్టుపక్కల ఏ తోటలో దిగినా ఎదురయ్యేవే.

ప్రకటనలో ఉన్నవి ఇవి: పెంపుడు జంతువులకి స్వాగతం, చుట్టూ ఫెన్సింగ్, కుక్కలు హాయిగా పరిగెత్తే లాన్. మా కుక్క పేరు చిట్టి, వీధికుక్క జాతే, చిన్నప్పటి నుంచీ ఇంట్లోనే పెరిగింది, గదిలోనే పడుకుంటుందని ఫోన్లో చెప్పాను, వాట్సాప్‌లో కూడా రాశాను. "నో ప్రాబ్లమ్ మేడమ్, మాకూ కుక్కలంటే ప్రాణం" అన్నాడు. గది అద్దె కాకుండా కుక్కకి రోజుకి వెయ్యి, దాని మీద ఐదువేలు డిపాజిట్, మొత్తం ముందే ఫోన్‌పే చేయించుకున్నాడు.

హైదరాబాద్ నుంచి పాలకొల్లు మీదుగా వచ్చి చించినాడ వంతెన దాటేసరికే చీకటి పడింది. గేటు తీసిన పెద్దాయన కారులోకి తొంగిచూసి, "ఆయ్, కుక్కుందని ఓనరుగారు మాతో అన్లేదండీ. లోపలికంటే కుదరదండీ, ఆ సావిట్లో కట్టేసుకోండమ్మా" అన్నాడు. సావిట్లో గేదెలున్నాయి, దూడ చెవుల నిండా రక్తం పీల్చే గోమార్లు. ఓనరుకి ఫోన్ చేస్తే తోటలోకి రానిస్తామన్నాం గానీ గదిలోకి అనలేదంటాడు! వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపాక కాస్త తగ్గి, ‘డీప్ క్లీనింగ్’ కింద ఇంకో రెండు వేలు పంపితే గది ఇస్తానన్నాడు. ఆ రాత్రప్పుడు పిల్లల్నీ కుక్కనీ వేసుకుని ఎక్కడికి పోతాం, పంపాం. పెద్దాయన్ని మాత్రం ఏమీ అనను, పాపం ఆయనకి ఎవరూ ఏమీ చెప్పలేదు, మర్నాడు చిట్టికి మజ్జిగన్నం పెట్టింది కూడా ఆయనే.

తెల్లారాక చూస్తే ఫెన్సింగ్ రోడ్డు వైపు మాత్రమే ఉంది. వెనక వైపు రొయ్యల చెరువులకి కట్టే పాత నీలం వల కర్రలకి వేలాడదీశారు, దాని కింద నుంచి కుక్కేమిటి, దూడ కూడా దూరిపోతుంది. కాలువ వైపైతే ఏమీ లేదు. ఫోటోలో కనిపించిన లాన్ కోసం వెతికితే అక్కడ మోకాలి పైకి వరిచేను. ఆ ఫోటో దాళ్వా (రబీ) కోతలయ్యాక వేసవిలో తీసిందన్నమాట, అప్పుడు కాలువలు కట్టేసి ఉంటాయి, చేలు ఎండి మైదానంలా కనిపిస్తాయి. సార్వా (ఖరీఫ్) రోజుల్లో ధవళేశ్వరం నుంచి వదిలిన నీళ్ళు కాలువ నిండా పోతుంటాయి, గట్టు నిటారుగా ఉన్నచోట కుక్క జారితే ఈదగలదు గానీ పైకెక్కలేదు. పైగా ఆ పొద్దున్నే మాకు ముక్క కూడా చెప్పకుండా కొబ్బరికాయల దింపు మొదలెట్టారు, వరండా ముందే కొబ్బరి గెలలు ధబీమని పడుతుంటే పిల్లలూ కుక్కా గదిలోనే బందీలు.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు భయపడ్డది దేనికంటే, సాయంత్రం తాడు కట్టి గట్టు మీద తిప్పుతుంటే చిట్టి చేని అంచున బొరియ దగ్గర ముక్కుపెట్టి ఏదో నమిలింది. నోరు తెరిచి చూస్తే కాగితం పొట్లం, నూనె వాసన కొట్టే నూకలు. డెల్టాలో పుట్టిన ఎవరికైనా అదేంటో చెప్పక్కర్లేదు. సార్వా చేను పొట్ట మీద ఉన్నప్పుడు ఎలుకలు దుబ్బులు కొరికేస్తాయి కాబట్టి రైతులు నూకల్లో నూనె, బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు కలిపి పొట్లాలు కట్టి బొరియల్లో పెడతారు. ఊరంతా ఒకేసారి పెడితేనే పనిచేస్తుంది కాబట్టి ఒక్క చేలో కాదు, గట్టు పొడుగునా ఉంటాయి. కొబ్బరి చెట్ల మొవ్వుల్లో కూడా మందు బిళ్ళలు పెడతారు. రైతు తప్పు ఇందులో ఏమీ లేదు, పంట కాపాడుకోవాలిగా. పక్క చేలో మందు పెట్టారని తెలిసి కూడా కుక్కకి రోజుకి వెయ్యి వసూలు చేసినవాడిదే తప్పు. తెలుసా అని అడిగితే "ఆ చేను మాది కాదు మేడమ్" అన్నాడు, అంటే తెలుసనేగా!

ఈ మందు గురించి కుక్కలున్నవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. బ్రోమోడయోలోన్ తిన్న కుక్క వెంటనే పడిపోదు. అది శరీరంలో విటమిన్ కె ని పనిచేయనివ్వదు, దాంతో రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది, కానీ ఆ ప్రభావం బయటపడటానికి మూడు నుంచి ఐదు రోజులు పట్టొచ్చు. అప్పటికి మీరు ఇంటికి తిరిగొచ్చేసి ఉంటారు, చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరేచనం, నీరసం చూసి ఇంకేదో జబ్బు అనుకుంటారు. దీనికి విరుగుడు ఉంది, విటమిన్ కె1, కానీ వారాల తరబడి వాడాలి. అదే ఇంకో ఎలుకల మందు జింక్ ఫాస్ఫైడ్ అయితే కథ వేరు, కడుపులో ఆమ్లం తగిలి ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది, గంటల్లోనే ప్రాణం మీదకొస్తుంది, విరుగుడు లేదు. అన్నమో పాలో పెడితే కడుపులో ఆమ్లం పెరిగి ఇంకా ప్రమాదం. కుక్క కక్కితే ఆ వాయువు మనకీ మంచిది కాదు, కారు అద్దాలు దించేయాలి.

మేం పొట్లం కాగితం కవర్లో వేసుకుని పాశర్లపూడి, బోడసకుర్రు వంతెన మీదుగా అమలాపురం పరిగెత్తాం. అక్కడి డాక్టరుగారు కాగితం, నూకల రంగు చూసి, పెద్దాయన్ని ఫోన్లో అడిగి ఏ మందో తేల్చుకుని, కక్కించి, కె1 మొదలుపెట్టారు. ఇప్పుడు బాగానే ఉంది. ఆ కాగితం పారేసి ఉంటే ఆయన కూడా ఊహించి వైద్యం చేయాల్సి వచ్చేది.

ఖాళీ చేసేటప్పుడు కొసమెరుపు: దుప్పటికి వెంట్రుకలు అంటాయని, కొబ్బరి పీచు పట్టా చివర కొరికిందని డిపాజిట్ మొత్తం ఉంచేసుకున్నాడు. పట్టా మేం వచ్చేసరికే అలా ఉంది, దిగగానే తీసిన వీడియోలో కనిపిస్తోంది. రివ్యూ పెడితే రెండో రోజు ఫోన్: తీసేస్తే సగం వెనక్కిస్తాడట. తీయలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. దానితో తేలకపోతే 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అమలాపురం తిరగక్కర్లేదు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు.

కాబట్టి బుక్ చేసే ముందు ‘పెట్స్ ఓకేనా’ అని అడిగి ఊరుకోకండి. కుక్క రాత్రి ఎక్కడ పడుకుంటుందో వాళ్ళచేతే రాయించుకోండి. నాలుగు వైపులా కంచె వీడియో అడగండి, ఈ వారంలో తీసింది. చుట్టుపక్కల ఎలుకల మందు పెట్టారా అని ఓనరుని కాదు, అక్కడ ఉండే మనిషిని అడగండి, ఓనరు ఏ కూకట్‌పల్లిలోనో కూర్చుని ఉంటాడు, చేలో ఏముందో తెలియకపోవచ్చు, మా ఓనరులా తెలిసినా చెప్పకపోవచ్చు. చేలగట్ల మీద తిప్పేటట్టయితే మూతికి బుట్టలాంటి మజిల్ వేయండి, దాంతో నీళ్ళు తాగగలదు, నేల మీది పొట్లం మాత్రం అందుకోలేదు. పశువుల సంచార వైద్యం నంబరు 1962 ఫోన్లో పెట్టుకోండి, దాంతోపాటు దగ్గరి టౌనులో కుక్కల్ని చూసే డాక్టరు ఎవరో, పండగ మూడు రోజులూ ఊళ్ళో ఉంటారో లేదో కూడా ముందే కనుక్కోండి.