34 కిలోల లాబ్రడార్‌కి లైఫ్ జాకెట్: వంశధార మొగలో ఏడాదిన్నర వాడాక

కుక్కల లైఫ్ జాకెట్ కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తాను, కొనండి, కానీ కొనేముందు దాని వీపు మీద ఉండే పిడి చూడండి. మెరిసే పట్టీలు, జేబులు, బొమ్మలు ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు. పిడి గట్టిగా ఉందా, దాని కుట్టు పైగుడ్డ దగ్గరే ఆగిపోయిందా లేక కడుపు కిందకి వెళ్లే బెల్టుల దాకా దిగిందా, అదొక్కటీ చూస్తే చాలు. నేను ఇది షాపులో నేర్చుకోలేదు, ఏటి మధ్యలో నేర్చుకున్నాను, ఆ సంగతి కింద చెబుతాను.

మాది శ్రీకాకుళం టౌను. మా సింహాద్రికి నాలుగేళ్లు, మగ లాబ్రడార్, పోయిన నెల తూచితే 34 కిలోలు. కళింగపట్నం బీచ్‌కి తీసుకెళ్తే ఆదివారం పూట నిలబడే చోటు ఉండదు, పిల్లలు భయపడతారు, పల్లెలోని కుక్కలు గుంపుగా మీదికొస్తాయి. అందుకని మా తమ్ముడూ నేనూ ఏటి వైపు నుంచి చిన్న పడవ మాట్లాడుకుని, వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర జనం లేని ఇసుక మేట మీదికి వెళ్లడం మొదలుపెట్టాం. దాటడానికి పావుగంట పడుతుంది. అక్కడ సింహాద్రి పరిగెత్తితే చూడాలి, ఇంట్లో ఉండే కుక్కేనా ఇది అనిపిస్తుంది.

ఇప్పుడు జాకెట్ సంగతి. ఆన్‌లైన్‌లో తీసుకున్నాం, రెండు వేల పైన పడింది. బరువు పట్టిక చూస్తే 40 కిలోల వరకు ఎల్ సైజు అని ఉంది కదా అని అదే తెప్పించాం. వచ్చాక వేసి చూస్తే ఛాతీ దగ్గర బెల్టు చివరి దాకా లాగినా బకిల్ పడలేదు. లాబ్రడార్లకి ఛాతీ వెడల్పు, అదే బరువున్న జర్మన్ షెపర్డ్‌కి ఎల్ సరిపోతుందేమో గానీ వీడికి సరిపోదు. టేపు పెట్టి ముందుకాళ్ల వెనక చుట్టూ కొలిస్తే 82 సెంటీమీటర్లు వచ్చింది. మార్చి పంపమంటే అమ్మినవాళ్లు రెండు వారాలు తిప్పారు, ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు, చివరికి ఎక్స్ఎల్ వచ్చింది. కాబట్టి బరువు పట్టికని నమ్మకండి. కొలవండి, కొలిచేటప్పుడు కుక్కని నిలబెట్టి కొలవండి, కూర్చుంటే పొట్ట ముందుకొచ్చి లెక్క తప్పుతుంది.

వేసుకోవడం అలవాటు చేయడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు గడపలోనే శిలలా నిలబడిపోయాడు. అన్నం పెట్టేముందు వేసి, తిన్నాక తీసేసేదాన్ని, మూడో రోజుకి జాకెట్ చూడగానే గిన్నె దగ్గరికి వచ్చేవాడు. ఆ నాలుగు రోజుల్లోనే ఇంకో పని కూడా చేశాను. పిడి పట్టుకుని, రెండో చేయి కడుపు కింద ఉంచి, ముందుకాళ్లు నేల మీద నుంచి లేచేదాకా ఎత్తి చూశాను. కుట్టు కదల్లేదు. మీరూ ఇంట్లోనే ఎత్తి చూడండి.

లాబ్రడార్‌కి ఈత వచ్చు కదా, జాకెట్ ఎందుకు అని మా ఇంట్లోనే అన్నారు. ఈత వచ్చు, వేళ్ల మధ్య తోలు కూడా ఉంటుంది. కానీ లోతు నీళ్లు అలవాటు లేని కుక్క ముందుకాళ్లతోనే నీళ్లని బాదుతుంది, వెనక భాగం కిందకి దిగిపోతుంది, రెండు మూడు నిమిషాల్లో ఆయాసం వస్తుంది. జాకెట్ ఉంటే నడుము పైకి లేచి ఒళ్లంతా నీటికి సమానంగా ఉంటుంది. ఒడ్డు దగ్గర నడుము లోతులో జాకెట్ ఉన్నప్పుడూ లేనప్పుడూ ఈదించి చూస్తే తేడా మీకే కనిపిస్తుంది. పైగా ఏటి మొగలో ఈతకన్నా లాగుడు పెద్దది. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తీసే వేళ, ఏరంతా బయటికి లాగుతుంది, అమావాస్య పౌర్ణమి దగ్గర ఇంకా ఎక్కువ. మనిషి ఈతగాడైనా దానికి ఎదురు ఈదలేడు.

జాకెట్ కొన్న ఏడాది నవంబరులో, మా రెండో ప్రయాణం అది. మొదటిసారి బుద్ధిగా కూర్చున్నాడని ధీమా వచ్చేసింది. ఇసుక మేట ఇంకా యాభై అరవై అడుగులు ఉందనగా ఒడ్డున కొంగలు లేచాయి, వీడు ఒక్కసారిగా లేచి ముందుకాళ్లు పడవ అంచు మీద పెట్టాడు. 34 కిలోలు ఒక పక్కకి వస్తే చిన్న పడవ ఎలా ఒరుగుతుందో అనుభవించేదాకా నాకు తెలియదు, అంచు మీద నుంచి నీళ్లు లోపలికి వచ్చాయి, మరుక్షణం వీడు నీళ్లలో ఉన్నాడు. నేనూ తమ్ముడూ ఇద్దరం వాడి వైపే వంగాం. పడవ నడిపే బాబాయ్ అరిచాడు, "బాబూ, నువ్వు అవతల పక్కకి కూకో, బేగి! ఇద్దరూ ఇటే ఒంగితే మనమూ ఏట్లో పడిపోతాం!" తమ్ముడు రెండో పక్కకి జరిగి కూర్చున్నాక పడవ నిలబడింది. సింహాద్రి ఒడ్డుకి ఈదుతున్నాడు గానీ ఒడ్డు దగ్గరకి రావడం లేదు, పక్కకి, మొగ వైపుకి జరిగిపోతున్నాడు. వాడిని పట్టుకునే బెల్టు, అదే లీష్, నా చేతిలో ఉంది కాబట్టి అంతకన్నా దూరం పోలేదు. బాబాయ్ తెడ్డుతో పడవని వాడి కిందికి, నీరు పోయే వైపుకి తిప్పాడు, నీరే వాడిని పడవ పక్కకి చేర్చింది. అప్పుడు పిడి పట్టుకున్నాను. ముందుకాళ్లు అంచు మీదికి వచ్చేలా లాగి, ఒక్క క్షణం ఆగి, అల పైకి లేచినప్పుడు బాబాయ్ వెనక తొడ కింద చేయి వేసి తోశాడు, లోపలికి వచ్చిపడ్డాడు.

తడిసిన లాబ్రడార్ ఒంటి మీద పట్టు దొరకదు. బొచ్చు జారిపోతుంది, మెడ పట్టీ పట్టి లాగితే గొంతు నొక్కుకుపోతుంది. పిడి లేకపోతే ఆ రోజు నేను ఏం పట్టుకుని లాగేదాన్ని అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, వాడు మాత్రం నా మంచం పక్కనే గుర్రు పెట్టి పడుకున్నాడు.

ఇంకో విషయం. మొదటిసారి పడవ ఎక్కినప్పుడు వాడు దూకకుండా బెల్టుని అడ్డపలకకి కట్టేశాను, బాబాయ్ వెంటనే విప్పేశాడు. "పడవ బోల్తా కొడితే దాన్ని పడవే ముంచేద్దమ్మా" అన్నాడు. నిజమే కదా. కుక్కని పడవకి కట్టకూడదు, బెల్టు చేతిలో ఉండాలి, దాన్ని కూడా చేతికి చుట్టుకోకూడదు. ఆ తర్వాత నుంచి మధ్యలో, అడుగున తడిపిన గోనెసంచి పరిచి దాని మీద కూర్చోబెడుతున్నాం. ఫైబర్ పడవ అడుగు తడిస్తే గోళ్లకి పట్టు ఉండదు, జారే కుక్కకి భయం వేస్తుంది, భయపడిన కుక్క లేచి నిలబడుతుంది. గోనెసంచి వేశాక సగం గొడవ తీరిపోయింది. పడవ ఒడ్డుకి తగిలి, బాబాయ్ దిగి పట్టుకున్నాకే వాడిని లేపుతాం.

జాకెట్‌లో నాకు నచ్చని వాటిలో పెద్దది వేడి. లోపల ఫోమ్ ఉంటుంది కదా, ఎండలో పది నిమిషాలకే వీపు కాలిపోతున్నట్టు ఉంటుంది. కుక్కకి మనలాగ ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయట పెట్టి రొప్పడమే దాని దారి. అందుకని ఎక్కేముందు జాకెట్‌ని నీళ్లలో ముంచి వేస్తాను, దిగగానే తీసేస్తాను. బీచ్‌లో ఆడేంతసేపు వేసి ఉంచితే ప్రాణం మీదికి వస్తుంది. అసలు ఉదయం ఆరున్నరకి ఎక్కి తొమ్మిదికి తిరిగొచ్చేస్తాం. మరపడవలకి చేపల వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పడవలు ఖాళీగానే దొరుకుతాయి గానీ అవి కుక్కని ఇసుకలో తిప్పే రోజులు కావు. చేతి వెనక భాగం ఇసుక మీద ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే వాటి పాదాలు కూడా కాలతాయి. వానాకాలంలో ఏటికి ఎగువన ఉన్న గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారని వినగానే ఏటి జోలికే వెళ్లం.

రెండోది ఒరుసుకోవడం. మూడో ప్రయాణం తర్వాత ముందుకాలి చంకలో చర్మం ఎర్రగా లేచింది, ఉప్పునీరు తగిలి మంట. బెల్టు అంచుకి పాత బనీను గుడ్డ చుట్టి కుట్టాను, మళ్లీ రాలేదు. తయారుచేసేవాళ్లే అక్కడ మెత్తటి గుడ్డ వేసి ఉండాల్సింది, ఇంత డబ్బు తీసుకున్నప్పుడు. మెడ దగ్గర అతుక్కునే పట్టీలో ఇసుక ఇరుక్కుని నాలుగైదు వాడకాలకే పట్టు వదిలేసింది, పాత టూత్ బ్రష్‌తో గీకి, మంచినీళ్లలో కడిగితే మళ్లీ పట్టింది. బకిళ్లు మాత్రం ఉప్పునీటికి చెక్కుచెదరలేదు. రంగు నారింజ తీసుకోండి, ఏటి నీటిలో దూరం నుంచి కనిపిస్తుంది. మా తమ్ముడు నలుపు బాగుంటుందన్నాడు, నల్ల కుక్కకి నల్ల జాకెట్ వేస్తే నీళ్లలో ఎవరికి కనిపిస్తుంది?

జాకెట్‌కి సంబంధం లేకపోయినా చెప్పి తీరాలి. కుక్కకి తాగే నీళ్లు మన నీళ్లకన్నా ఎక్కువ పట్టుకెళ్లండి, మేము వాడికే నాలుగు లీటర్లు తీసుకెళ్తాం. దాహం వేస్తే సముద్రం నీళ్లు తాగేస్తుంది, ఆ ఉప్పుకి వాంతులు, విరోచనాలు, ఎక్కువైతే ఫిట్స్ కూడా. డిసెంబరులో చల్లటి నీళ్లలో ఎక్కువసేపు ఈదాక సింహాద్రి తోక రెండు రోజులు వేలాడిపోయింది, ముట్టుకుంటే ఏడ్చాడు. ఎముక విరిగిందేమో అని హడలిపోయి తీసుకెళ్తే, డాక్టరు గారు ఈత కొట్టే కుక్కల్లో తోక మొదట్లో కండరం పట్టేస్తుందని, విశ్రాంతి ఇస్తే తగ్గుతుందని చెప్పి నొప్పికి మందిచ్చారు. నాలుగో రోజుకి మామూలే. ఇంటికొచ్చాక చెవుల లోపల పొడి గుడ్డతో తుడవడం మర్చిపోకండి.

జనవరి నుంచి మార్చి దాకా అయితే ఇసుక మీద కూడా బెల్టు విప్పను. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం అది. ఒక్కో గుంటలో వంద దాకా గుడ్లుంటాయి, పిల్లలు బయటికి రావడానికి ఒకటిన్నర నెల పైనే పడుతుంది. కుక్క ముక్కుకి ఆ గుంట ఇట్టే దొరుకుతుంది, తవ్విందంటే నిమిషంలో అంతా పోతుంది. నా కుక్కకి స్వేచ్ఛ కావాలని వాటి బతుకు తీసేస్తే ఎలా. అలాగే పల్లెవాళ్లు ఇసుక మీద నెత్తళ్లు ఆరబెట్టుకుంటారు, అది వాళ్ల కూడు, ఆ దరిదాపుల్లోకి కుక్కని పోనివ్వకండి. ఒడ్డుకి కొట్టుకొచ్చిన పొట్ట ఉబ్బిన చేపల్ని నోట పెట్టనివ్వకండి, వాటిలో విషం ఉంటుంది.

పడవ గురించి కూడా ఒక మాట. ఇంతకుముందు ఇంకో చోట ఒకాయన కుక్కని చూడగానే రెట్టింపు అడిగి, మనుషులకి కూడా లైఫ్ జాకెట్లు లేకుండా ఎక్కించబోయాడు, మేము ఎక్కలేదు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం చూశాక కూడా జాకెట్ లేకుండా ఎలా ఎక్కుతాం. ఇప్పుడు వెళ్లే బాబాయ్ అయితే తలకి ఇంత అని కాకుండా పడవ మొత్తానికి ఒక రేటు చెబుతాడు, కుక్కతో వెళ్లేటప్పుడు మాతో వేరే ఎవరినీ ఎక్కించడు. గాలి తేడాగా ఉంటే "ఇయాళ ఒద్దమ్మా" అని పంపించేస్తాడు, డబ్బు పోతుందని చూడడు. మీరు ఎక్కడ వెళ్లినా అలా వద్దని చెప్పగలిగేవాళ్ల పడవే ఎక్కండి.

జాకెట్‌కి నేను ఐదుకి నాలుగు ఇస్తాను, తగ్గించిన ఒకటీ చంక దగ్గర బెల్టుకి. ఏడాదిన్నర తర్వాత పోయిన నెలే పిడికి ఒక పక్క దారం లేచింది. బాబాయ్ చూసి, వల కుట్టే నైలాన్ దారంతో రెండు వైపులా బెల్టు దాకా దింపి నాలుగు వరసలు కుట్టి ఇచ్చాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. మొన్న మళ్లీ ఇంట్లో ఎత్తి చూశాను, కంపెనీ కుట్టుకన్నా అదే గట్టిగా ఉంది.