విజయవాడ పటమట క్యారేజీ భోజనం: ఇంటర్ చదివే పిల్లలున్న వాళ్ల కోసం

పటమటలో ఒకావిడ ఇంట్లో వండి కాలేజీకి పంపే మధ్యాహ్నం క్యారేజీ గురించి రాస్తున్నాను. నేను ఆర్టీసీ కండక్టర్ని. మొదటి డ్యూటీ పడితే తెల్లవారుజామున మూడున్నరకే లేస్తాను. మా ఆవిడ బట్టల షాపులో పని చేస్తుంది. మా పాప పోయినేడు ఇంటర్ బైపీసీలో చేరింది. పొద్దున ఏడింటికి కాలేజీ బస్సెక్కితే స్టడీ అవర్లు అయ్యి ఇంటికొచ్చేసరికి రాత్రి ఏడున్నర. టిఫిన్ తినకుండా పరిగెత్తేది. బాక్సులో అన్నం మధ్యాహ్నానికి గడ్డకట్టి ఉంటుందని సగం పారబోసేది. నాలుగింటికి ఆకలి ఆగక గేటు దగ్గర ఎగ్ పఫ్, కూల్ డ్రింకు. ఆ సీసా మీదే రాసి ఉంది, 100 మిల్లీలీటర్లకి 10 గ్రాములకి పైగా చక్కెర. చిన్న సీసా తాగినా ఐదు చెంచాలు.

ఏడాది తిరక్కుండానే తొమ్మిది కిలోలు పెరిగింది. సంక్రాంతికి ఊళ్లో మా వాళ్లొకరు అందరి ముందూ "బాగా ఒళ్లు చేశావే" అన్నారు. నేను ఆపలేదు సరికదా, "అన్నం తగ్గించవే" అని నేనూ అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ బాధపడుతున్నాను. ఆ మర్నాటి నుంచి పాప అన్నం దాదాపు మానేసింది. ఫిబ్రవరిలో ల్యాబులో కళ్లు తిరిగి పడిపోయింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఆ వయసు ఆడపిల్లకి 12 కి తగ్గకూడదట.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. పెద్దవాళ్ల బరువు లెక్క పదహారేళ్ల పిల్లకి వర్తించదు, వయసుని బట్టి వేరే చార్టు చూడాలి అన్నారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 16 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లకి రోజుకి 32 మిల్లీగ్రాముల ఐరన్, 46 గ్రాముల ప్రొటీన్ కావాలట. మాత్రలు రాసిచ్చి, "ముందు వేళకి వేడిగా తిననివ్వండి, తూకం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

అప్పుడు మా డిపోలో ఒకాయన చెబితే పటమటలో ఈ క్యారేజీ పెట్టే ఆవిడ దగ్గరికి వెళ్లాను. బోర్డు లేదు, ఇంట్లోనే వంట. మధ్యాహ్న భోజనం నెలకి 2,600. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ మనదే ఇవ్వాలి, అదీ రెండు జతలు. అడుగు గిన్నెలో అన్నం, పైన పప్పు, కూర, పెరుగు. వారానికి రెండు రోజులు గుడ్డు, రెండు రోజులు ఆకుకూర. తోటకూర పప్పు పెట్టిన రోజు నిమ్మచెక్క తప్పకుండా ఉంటుంది. ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే నిమ్మలాంటి విటమిన్ సి ఉన్న పులుపు తోడుండాలని డాక్టరమ్మ చెప్పిందే, ఈవిడ ఎవరూ చెప్పకుండానే చేస్తున్నారు.

మొదటి రోజే నేను, "అన్నం కొంచెం తగ్గించి పెట్టండమ్మా, పిల్ల లావవుతోంది" అన్నాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి, "తగ్గించను అన్నయ్యగారూ, కూర పెంచుతాను. ఎదిగే పిల్ల ఆకలికి అడ్డం పడకూడదు" అన్నారు. అన్నట్టే కూర గిన్నె నిండుగా వస్తోంది. నేను ఈ సర్వీసుకి డబ్బు కడుతున్నది ఆ మాటకే అనిపిస్తుంది. పిల్ల ఒంటి గురించి ఇన్ని నెలల్లో ఆవిడ నోట ఒక్క మాట రాలేదు. "బెండకాయ నచ్చిందా బంగారం?" అని మాత్రం అడుగుతారు.

ఇంకో మంచి సంగతి, రోజుకి 20 రూపాయలు ఎక్కువిస్తే చిన్న డబ్బాలో ఉడకబెట్టిన సెనగలో, వేరుసెనగలో పెడతారు. సాయంత్రం పఫ్ తినడం దాంతోనే తగ్గింది. మేం వద్దన్నందుకు కాదు, నాలుగింటికి చేతిలో తిండి ఉన్నందుకు. ఇప్పటికీ శనివారం స్నేహితురాళ్లతో పఫ్ తింటుంది. తిననివ్వండి.

లోపాలూ చెప్పాలి. దొండకాయ వేపుడులో నూనె గిన్నె అడుగున మిగిలేంత ఉంటుంది. రెండుసార్లు చెప్పాక కొంచెం తగ్గింది, ఇంకా తగ్గాలి. సాంబారు పల్చన. బుధవారం కొర్రన్నం పెడతారు, మా పాపకి నచ్చదు, సగం తిరిగొస్తుంది. ఇష్టం లేని పిల్లలకి ఆ రోజు కూడా మామూలు అన్నమే పెడితే బాగుంటుంది. జులైలో వాన పడిన రోజు క్యారేజీ రెండు దాటాక చేరింది, భోజనం బెల్లు ఒంటిగంటకే. ఆ పూట పిల్ల పస్తు ఉంది. నేను గట్టిగానే అడిగాను. డబ్బు తిరిగివ్వలేదు గానీ నెలాఖర్న ఒక రోజు కలిపారు. ఆ తర్వాత వాన సూచన ఉంటే పన్నెండుకే బండి బయల్దేరుతోంది. సెలవైతే ముందురోజు సాయంత్రం ఏడు లోపు ఫోన్ చేయాలి, ఆలస్యమైతే ఆ రోజు లెక్కలో పడిపోతుంది.

ఆరు నెలలకి హిమోగ్లోబిన్ 11.6 కి వచ్చింది. మాత్రల పాత్ర ఎంతో, భోజనం పాత్ర ఎంతో నేను విడదీయను. బరువు ఎంతుందని ఇంట్లో అడగడం మానేశాం, కాటా అటక మీద పెట్టేశాను. ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి నూనెకి, వాన రోజుకి తగ్గించాను.

ఆవిడ అరవై క్యారేజీలకి మించి తీసుకోరు. జూన్‌లో కాలేజీలు తెరిచాక వెళితే ఖాళీ ఉండదు, మే నెలలోనే అడ్వాన్సు ఇచ్చి రండి. గిన్నెల మీదే కాదు, మూతల మీద కూడా పేరు కొట్టించండి. మా మూత మొదటి వారంలోనే వేరే వాళ్ల క్యారేజీతో వెళ్లిపోయింది.