ఇత్తడి పంపు స్టవ్వు: లంకల్లో వంటకి ఇప్పటికీ కొనదగ్గదేనా?

లీటరు కిరసనాయిలు పట్టే ఇత్తడి ట్యాంకు, మూడు కాళ్లు, పైన హోరుమని మండే బర్నరు. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ తయారుచేసిన ప్రైమస్ స్టవ్వుకీ, ఇప్పుడు పాత ఇత్తడి సామాన్ల కొట్లో దొరికే పంపు స్టవ్వుకీ పనితీరులో తేడా లేదు. ముందే తీర్పు చెప్పాలంటే, గోదావరి లంకల్లో, చేపల చెరువు గట్టు మీద మకాంలో, కార్తీక వనభోజనాల్లో ఎదురుగాలికి నిలబడి వంట పూర్తిచేసే చిన్న పొయ్యి ఇదే. అయితే వాషర్లు మార్చుకునే ఓపిక లేనివాళ్లు మాత్రం దీని జోలికి పోకూడదు.

వత్తుల స్టవ్వులో నూనె వత్తి పట్టుకుని పైకి వచ్చి మండుతుంది. ఇందులో అలా కాదు. పంపుతో కొట్టిన గాలి నూనెను బర్నరులోకి నెడుతుంది. కాలుతున్న బర్నరు ఆ నూనెను ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరి, బర్నరు నడిమధ్యన ఉండే నిప్పిలు అనే చిన్న ముక్కలోని సన్నని రంధ్రంలోంచి వేగంగా దూకుతూ చుట్టూ ఉన్న గాలిని కలుపుకుని నీలంగా మండుతుంది. అందుకే మసి ఉండదు. ట్యాంకులో గాలి నిలవాలి, బర్నరు వేడెక్కాలి, రంధ్రం శుభ్రంగా ఉండాలి. ఈ స్టవ్వుకి వచ్చే జబ్బులన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పినందువల్లే వస్తాయి.

వేడి సరిగ్గా ఎక్కకముందే పంపు కొట్టడం అందరూ చేసే తప్పు. ట్యాంకు ముప్పావు వంతుకి మించి నింపకూడదు, గాలికి చోటుండాలి. ట్యాంకులోని గాలిని బయటికి వదిలే గాలి స్క్రూ వదులుగా ఉంచి, బర్నరు కింద గిన్నె నిండా స్పిరిట్ పోసి వెలిగించాలి. ఆ మంట ఆఖరికొచ్చి, ఇంకా ఆరకుండా ఉన్నప్పుడు స్క్రూ బిగించి అయిదారు సార్లు మెల్లగా గాలి కొట్టాలి. నీలిమంట అందుకున్నాక ఇంకో పది, పదిహేను. పసుపు మంట పైకి లేచిందంటే ఆవిరికి బదులు పచ్చి నూనె వస్తోందన్నమాట. వెంటనే స్క్రూ వదిలి గాలి తీసేసి, పూర్తిగా చల్లారాక మళ్లీ స్పిరిట్‌తో మొదలుపెట్టాలి. పసుపు మంట మీద ఇంకా పంపు కొడితే చేతులు కాలతాయి. స్పిరిట్ కోసం రంగుల కొట్లో పాలిష్ స్పిరిట్ అడగండి. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ మాత్రం వద్దు, గిన్నెలో జిగురు మిగులుతుంది.

వేగంలో దీనికి వంక పెట్టక్కర్లేదు. లీటరు నీళ్లు నాలుగైదు నిమిషాల్లో మరుగుతాయి, అందుకు ఖర్చయ్యే నూనె సుమారు 20 మిల్లీలీటర్లు. పూర్తి మంట మీద లీటరు నూనె నాలుగు గంటల దాకా వస్తుంది. అన్నం, సాంబారు, టీ, చేపల వేపుడు దీని మీద బ్రహ్మాండం. కానీ పులస పులుసు లాంటిది సన్నని సెగ మీద గంటలకొద్దీ మగ్గాలంటే ఈ హోరు బర్నరు సరిపోదు. మంటంతా నడిమధ్యన కేంద్రీకరిస్తుంది, మట్టి చట్టి పగలొచ్చు. కింద మందపాటి ఇనప పెనం పెట్టి దాని మీద చట్టి ఉంచితే కొంత నయం. చిల్లుల టోపీ ఉండే మౌన బర్నరు ఈ పనికి మేలు. సెగ బాగా తగ్గుతుంది, చప్పుడూ ఉండదు. కానీ లంక మీద గాలికి అది వణికిపోతుంది. ఆరుబయలుకి హోరు బర్నరు, వరండాలో వంటకి మౌన బర్నరు ఎంచుకోండి.

ఇసుక మీద నేరుగా పెట్టొద్దు. కాళ్లు దిగబడి స్టవ్వు ఒరుగుతుంది, ఒక పలక వేసుకోవాలి. గాలికి అడ్డంగా రేకు పెట్టేటప్పుడు బర్నరు వరకే అడ్డం ఉండాలి. ట్యాంకు చుట్టూ మూసేస్తే అది వేడెక్కి లోపల ఒత్తిడి పెరుగుతుంది. ట్యాంకు మీద చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే స్క్రూ వదిలి ఆపేయాలి. వెలుగుతున్నప్పుడు, వేడిగా ఉన్నప్పుడు నూనె పోయొద్దు. ఎంత అవసరమొచ్చినా పెట్రోలు మాత్రం వేయొద్దు, కిరసనాయిలు స్టవ్వులో పెట్రోలు బాంబుతో సమానం. నూనెలో నీళ్లు కలిసి ఉంటే మంట చిటపటలాడి ఆరిపోతుంది. వానాకాలంలో డబ్బాల్లో ఇది మామూలే. డబ్బాను ఒక రాత్రి కదపకుండా ఉంచి, అడుగున వేలెడు నూనె వదిలేసి పైది మాత్రం జాలి గరాటాతో పోసుకోండి.

పాతది కొనేవాళ్లకి మెరుపు కాదు, పంపు ముఖ్యం. పంపు కొట్టినప్పుడు అడ్డు తగలకపోతే తోలు వాషరు ఎండిపోయినట్టు. విప్పి, అంచులు వెడల్పు చేసి, కుట్టుమిషను నూనెలో ఒక పూట నానబెడితే చాలావరకు బాగుపడుతుంది. కోనసీమలో చేతికందేది కొబ్బరినూనే గాని, అది సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. మార్గశిరం పొద్దుటిపూట పంపు బిగుసుకుపోతుంది, అందుకని వద్దు. కొట్టిన తర్వాత పిడి దానంతటదే పైకి లేస్తే పంపు అడుగున ఉన్న గాలి వాల్వు రబ్బరు చెడినట్టు. పంపు గొట్టంలోంచి నూనె కారుతుంది. ఆ వాల్వు విప్పడానికి పొడవాటి ప్రత్యేక స్పానరు కావాలి, అమ్మేవాణ్ణి ముందే అడిగి తీసుకోండి, అది లేకుండా బయల్దేరొద్దు. బర్నరు, ట్యాంకు కలిసేచోట ఉండే సీసం వాషరు నలిగిపోతే అక్కడే మంట పుడుతుంది. స్టవ్వు చల్లగా ఉన్నప్పుడు సబ్బునురుగు రాసి, గాలి కొట్టి చూస్తే బుడగలొస్తాయి. ఒకసారి వాడిన సీసం వాషరు మళ్లీ వాడకండి.

నిప్పిలు రంధ్రాన్ని సన్నని తీగ పిన్నుతో శుభ్రం చేయడంలోనే, అంటే పిన్ను కొట్టడంలోనే, చాలా బర్నర్లు పాడవుతాయి. నిప్పిలు రంధ్రం మిల్లీమీటరులో సుమారు మూడో వంతు మాత్రమే. లావు సూది, గుండుసూది పొడిస్తే రంధ్రం పెద్దదై, ఎంత వేడెక్కినా మంట పసుపుగానే వస్తుంది. అప్పుడు నిప్పిలు మార్చడమే దారి. పిన్ను కొట్టినా మంట నీరసంగా ఉంటే లోపలి గొట్టాల్లో బొగ్గు పేరుకుంది. నిప్పిలు తీసి, సైకిల్ బ్రేకు వైరు పోగుతో గొట్టాలు తోడితే బయటపడుతుంది.

ట్యాంకుకి సొట్టలున్నా ఫర్వాలేదు. కానీ చీలిక ఉంటే తీసుకోకండి. టంకంతో అతికించినా ఆ చోటు ఒత్తిడికి మళ్లీ విడిపోవచ్చు. పెరవలి దగ్గరి అజ్జరం ఇత్తడి పనికి పేరున్న ఊరు, అలాంటిచోట ఒకసారి చూపించి కొంటే మంచిది.

ఇత్తడిని పగలగొట్టేది అమ్మోనియా. బ్రిటిష్ సైన్యం భారతదేశంలో వానాకాలంలో దాచిన ఇత్తడి తూటా తొడుగులు పగుళ్లిచ్చాయి. గుర్రపుశాలల్లోని అమ్మోనియా కారణమని 1921లో తేల్చారు. కాబట్టి స్టవ్వుని పశువుల పాకలో, తడిసే యూరియా బస్తాల పక్కన పెట్టొద్దు. తోమడానికి చింతపండు చాలు, తోమాక బాగా కడిగి ఆరబెట్టాలి, ట్యాంకు లోపలికి మాత్రం పోనీయకూడదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి చిలుము త్వరగా పడుతుంది. పైన పలచగా మిషను నూనె రాసి ఉంచండి.

స్వేయా 123 అనే చిన్న ఇత్తడి స్టవ్వు 1955లో వచ్చింది, పంపు లేకుండానే పనిచేస్తుంది. వీపు సంచిలో మోసుకెళ్లేవాళ్లకు అదే ఇష్టం. కానీ దానికి శుద్ధమైన తెల్ల పెట్రోలు కావాలి, మన బంకులో దొరికేది కాదు. ఇక్కడి లంకలకి కిరసనాయిలు స్టవ్వే సరి.

కొనేటప్పుడు స్టవ్వుతో పాటు అయిదు పిన్నులు, రెండు సీసం వాషర్లు, ఒక తోలు వాషరు, గాలి వాల్వు రబ్బర్లు, ఒక నిప్పిలు కొట్లోనే తీసుకోండి. లంకలోకి దిగాక ఏ ఒక్కటి పోయినా పడవెక్కి ఒడ్డుకి రావాల్సిందే. వరద రోజుల్లో ఆ పడవా ఉండదు. మోసుకెళ్లేటప్పుడు స్క్రూ వదులు చేసి గాలి తీసేయండి, నూనె వేరే డబ్బాలో పెట్టండి, జనం ఎక్కే పడవలో మాత్రం వెలిగించకండి.